మణెమ్మ గారి కౌంటర్లో

ఈ రోజు పొద్దున కోకాపేటలో, మా ఆఫీసు పద్నాలుగో అంతస్తులో కూర్చుని ఒక చిన్న కవరు కత్తిరించాను. కంప్యూటర్ భాగాలు పెట్టి పంపే వెండిరంగు కవరు అది. కత్తెర పడగానే లోపలి నుంచి ఒక వాసన వచ్చింది. ఎండలో నిలబెట్టిన కొత్త కారు తలుపు తీసినప్పుడు వస్తుందే, అలాంటి వేడి ప్లాస్టిక్ వాసన. లోపల నా చూపుడువేలంత డ్రైవు, అంటే కంప్యూటరు ఫైళ్లన్నీ దాచుకునే భాగం, ఉంది. మొన్న నా లాప్‌టాప్‌లోది పోతే దానికి బదులుగా కంపెనీ వాళ్లు పంపింది. పాతకాలం హార్డ్ డిస్కులు పోయేముందు టిక్కుటిక్కుమని నాలుగు రోజులు మొర పెట్టుకునేవి. ఇప్పటి ఈ ఎస్‌ఎస్‌డీలు అలా కాదు. సాయంత్రం దాకా మామూలుగా పనిచేస్తాయి, పొద్దున మిషను ఆన్ చేస్తే అసలు లోపల డ్రైవే లేదంటుంది. నేను ఈ పని మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. ఇలాంటివి కొన్ని వందలు విప్పాను, కొన్ని వందలు బిగించాను. అయినా ఆ వాసన తగిలినప్పుడల్లా కొత్తగూడ ఫ్లైఓవరు పక్కన ఒక మొదటి అంతస్తు గది, అందులో ఎత్తు స్టూలు మీద నొప్పి కాలు కిందికి చాపుకుని కూర్చున్న మణెమ్మ గారు కళ్లముందుకు వస్తారు. ఈ ఉద్యోగంలో నాకు వచ్చిన పని అంతా ఆవిడ దగ్గర నేర్చుకున్నదే. నేర్చుకున్న తీరు మాత్రం చెప్పుకోవడానికి అంత బాగుండదు. అయినా చెప్పాలనే ఇది రాస్తున్నాను.

నాది తణుకు. ఎం.సి.ఏ. చదివి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం కోసం హైదరాబాదు వచ్చాను. ఏడాదిన్నర పాటు ఇంటర్వ్యూలకి తిరిగాను. మాదాపూర్‌లో అద్దాల మేడలు ఎన్ని ఉన్నాయో వాటి రిసెప్షన్ సోఫాలు అన్నీ నాకు తెలుసు. ఒక్కచోటా ఉద్యోగం రాలేదు. చివరికి హాస్టల్లో నా గదిలో ఉండే అమ్మాయి చెబితే, కొత్తగూడలో ఒక సర్వీస్ సెంటర్లో కౌంటరు ఉద్యోగానికి చేరాను. కింద ఒక కర్రీ పాయింటూ ఒక కళ్లజోళ్ల దుకాణమూ, పైన మేము. డ్రైవులు తయారుచేసే ఒక కంపెనీ తరఫున, వారంటీ గడువు లోపల పాడైపోయినవాటిని తీసుకుని, బదులు కొత్తవి తెప్పించి ఇవ్వడం మా పని. పాతవి ప్రతి సాయంత్రం సంచుల్లో వేసి గోదాముకు పంపాలి. అక్కడ వాటిని మిషన్లో వేసి నుగ్గు చేస్తారు. చూడ్డానికి చాలా తేలికైన పని. తేలికైన పనే అని నేనూ అనుకున్నాను.

చేరిన మొదటి రోజు నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఊరికే చూడమన్నారు మణెమ్మ గారు. ఆ సెంటరుకి ఆవిడే ఇన్‌చార్జి. యాభై దాటిన మనిషి. నూలు చీర, ముందుకు వేలాడే కళ్లజోడు, మెడలో కంపెనీ ఐడీ కార్డు. మొదట వచ్చినాయన ముప్పై ఏళ్లవాడు. అతని మెడలోనూ ఒక ఐడీ కార్డు. ఆఫీసులో గంట పర్మిషన్ పెట్టి వచ్చానని మూడుసార్లు చెప్పి డ్రైవు బల్ల మీద పెట్టాడు. ఆవిడ దాన్ని ముట్టుకోలేదు.

“లోపల ఏమున్నది సార్?” అన్నారు.

“అంటే?”

“ఇందుల మీయి ఏమేమున్నయని అడుగుతున్న.”

“ఆఫీస్ ఫైల్సండీ. అవన్నీ సర్వర్లో ఉన్నాయి, ప్రాబ్లం లేదు.”

“ఇంటియి?”

అతను డ్రైవు వైపు చూశాడు. “పాప ఫొటోలున్నాయి. పుట్టినప్పటివి.”

“ఇంకోకాడ ఉన్నయా?”

“ఉండాలి. లేవేమో.”

“అయితే ఇప్పుడే మాకియ్యకుండ్రి,” అన్నారు ఆవిడ. “మాకిస్తె ఇది మళ్ల మీకు రాదు. మేమిచ్చేది కొత్తది, ఖాళీది. ముందుగాల దీన్ని లోపలియి తీసేటోళ్ల దగ్గరికి పట్టుకపోండ్రి. అయితదంటె తీపిచ్చుకోండ్రి. కాదన్నరనుకోండ్రి, అప్పుడు రాండ్రి. గడువు ఇంకా ఏడాదున్నది, ఎక్కడికి పోదు.”

అతను డ్రైవు జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. వరసలో వెనక పద్దెనిమిది మంది ఉన్నారు. అతనికి పట్టిన సమయంలో ముగ్గురిని పంపేయవచ్చని నాకు అనిపించింది. మధ్యాహ్నం ఆ మాటే అడిగాను. “ఫారంలో ఉంది కదండీ మేడమ్, లోపలి సమాచారం అవసరం లేదు అని ఒక గడి. టిక్కు పెట్టి సంతకం చేస్తే సరిపోతుంది కదా, నోటితో ఎందుకండీ మళ్లీ?”

ఆవిడ జొన్నరొట్టె తుంచి నా డబ్బా మూతలో పెడుతూ, “గడిని ఎవ్వలు సదువుతరు ఉషా,” అన్నారు. “సంతకం పెట్టుమంటె పెడుతరు. నువ్వు నేనైనా గంతే. నోటితోటి అడిగితేనే మనిషికి యాదికొస్తది, లోపల ఏం పెట్టిండో.”

మణెమ్మ గారు కొత్తగూడ ఊరుగా ఉన్నప్పుడు పుట్టిన మనిషి. పదో తరగతి దాకా చదివి, నగరానికి అటు చివర టీవీలు తయారుచేసే ఒక ఫ్యాక్టరీలో చేరారు. పదహారేళ్లు బోర్డుల మీద సీసం కరిగించి సోల్డరింగ్ చేశారు. రెండు బస్సులు మారి వెళ్లేవారట. ఆ ఫ్యాక్టరీ మూతపడ్డాక, ఫోన్లు బాగుచేసే చోట్లా కంప్యూటర్లు బాగుచేసే చోట్లా పనిచేసి ఇక్కడికి వచ్చారు. ఏళ్ల తరబడి పొగలోకి వంగి చూసినందువల్ల కళ్లు, నిలబడినందువల్ల మోకాళ్లు పోయాయి. భర్త ఆఫీసు బస్సు నడిపేవారు. ఒక్కతే కూతురు, నర్సింగ్ చదువుతుండేది. ఆవిడ పక్కన కూర్చుంటే నాకు మొదట కనిపించింది ఆవిడ అలసట. పొద్దున పదింటికే అలసిపోయినట్టు ఉండేవారు. సాయంత్రం ఆరింటికీ అంతే అలసట, రవ్వంత ఎక్కువా కాదు తక్కువా కాదు. కానీ ఆ అలసటని ఎదుటి మనిషి మీద ఎప్పుడూ పడనిచ్చేవారు కాదు. ఎవరైనా కేకలు వేస్తే కళ్లజోడు తీసి, చీర చెంగుతో తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని, “ఇగ చెప్పండ్రి,” అనేవారు.

నాకు ఆ ఓపిక లేదు. రోజూ వచ్చేవాళ్లందరూ నిద్రలేని ముఖాలతో వచ్చేవారు. ట్రాఫిక్‌ని తిట్టుకుంటూ మెట్లెక్కి, పైకి వచ్చి మమ్మల్ని తిట్టేవారు. ఆ డ్రైవుని నేనే పాడుచేసినట్టు మాట్లాడేవారు. ఆరు నెలలు గడిచేసరికి వాళ్ల ముఖాలు చూడకుండా పని చేయడం అలవాటైంది. డ్రైవు తీసుకోవడం, నంబరు కొట్టడం, ఫారం తిప్పి సంతకం చోట వేలు పెట్టడం. లోపల ఏముందని అడగడం మెల్లగా మానేశాను. మణెమ్మ గారు పక్కనుంటే అడిగేదాన్ని, లేకపోతే లేదు. గడిలో టిక్కు కూడా నేనే పెట్టేసి ఇచ్చేదాన్ని, ఎందుకంటే ఆ గడి ఖాళీగా ఉంటే డ్రైవుని పది రోజులు విడిగా దాచి, వేరే కాగితాలు నింపాలి. నెలాఖరున హెడ్డాఫీసు నుంచి ఎవరు ఎంతమందిని పంపారో పట్టిక వచ్చేది. వరసగా మూడు నెలలు అందులో నా పేరు పైన ఉంది. మూడోసారి మణెమ్మ గారు ఆ కాగితం చూసి, “మంచిగనే ఉన్నది,” అన్నారు. కాగితం నాకు తిరిగిస్తూ, “జర చూసుకుంట చెయ్యి బిడ్డా,” అన్నారు. నేను అది మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

ఒక శనివారం ఆవిడ మోకాలికి ఇంజెక్షన్ వేయించుకోవడానికి దవాఖానకు వెళ్లారు. కౌంటర్లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఏసీ పనిచేయడం లేదు. మధ్యాహ్నం రెండవుతుండగా ఒక పెద్దాయన వంతు వచ్చింది. డెబ్భైకి దగ్గరగా ఉంటారు. ఇస్త్రీ చొక్కా, చేతిలో గుడ్డసంచీ. ఇరిగేషన్ శాఖలో ఇంజనీరుగా రిటైరైన మూర్తి గారని తర్వాత తెలిసింది. గంటన్నర నిలబడి ఉన్నారు. డ్రైవుని ఒక ఇంజెక్షన్ డబ్బాలో దూది మధ్య పెట్టి తెచ్చారు.

“మా ఇంటి దగ్గర కుర్రాడెవరో చూసి ఇది పోయిందన్నాడమ్మా. మీరు కొత్తది ఇస్తారని చెప్పాడు,” అన్నారు.

“ఇస్తామండీ. ఇక్కడ సంతకం పెట్టండి.”

“అలాగేనమ్మా. ఇందులో మా ఆవిడవి కొన్ని…”

“అన్నీ ఫారంలో ఉన్నాయండీ. బుధవారం వచ్చి తీసుకోండి.”

ఆయన జేబులోంచి కలం తీసి, నేను వేలు పెట్టిన చోట చక్కటి గుండ్రటి అక్షరాలతో సంతకం చేశారు. ఆ పైన గడిలో టిక్కు అప్పటికే నేను పెట్టి ఉంచాను. దూది ఎక్కడ పడేయాలని అడిగారు. బుట్ట చూపించాను. ఆ సాయంత్రం సంచీతో పాటు ఆయన డ్రైవు వెళ్లిపోయింది.

బుధవారం పొద్దున తెరిచేసరికే మూర్తి గారు మెట్ల మీద నిలబడి ఉన్నారు. ఈసారి లాప్‌టాప్ కూడా తెచ్చారు. కొత్త డ్రైవు నేనే బిగించి, విండోస్ ఎక్కించి, మిషను ఆయన వైపు తిప్పాను. ఆయన కళ్లజోడు సరిచేసుకుని తెర మీదికి వంగి చాలాసేపు వెతికారు.

“కామేశ్వరి అని ఒక ఫోల్డరు ఉండాలమ్మా. ఎక్కడ పెట్టారు?”

“ఇది కొత్త డ్రైవండీ. ఇందులో ఏమీ ఉండవు.”

“కొత్తదేలే. పాతదాంట్లోవన్నీ ఇందులోకి ఎక్కించి ఇస్తారు కదా మీరు?”

లేదండీ అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. మళ్లీ చెప్పాను. అప్పుడు ఆయన, “పోనీ పాతది ఇచ్చేయమ్మా, నేను వేరే చోట చూపించుకుంటాను,” అన్నారు. అది వెళ్లిపోయిందని చెప్పాను. సంతకం పెట్టారు కదండీ అని కూడా అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు. ఆయన అరవలేదు. కౌంటరు అంచు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డారు. మణెమ్మ గారు స్టూలు దిగి, కుంటుకుంటూ చుట్టూ తిరిగి ఇవతలికి వచ్చి, ఆయన్ని కుర్చీలో కూర్చోబెట్టారు.

విషయం ఏమిటంటే, ఆయన భార్య కామేశ్వరి గారికి గొంతులో జబ్బు వచ్చింది. ప్రాణానికి భయం లేదు గానీ స్వరపేటిక తీసేయాలన్నారు డాక్టర్లు. ఆవిడ ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన టీచరు. ఆపరేషన్‌కి ముందు రెండు వారాలు మూర్తి గారు ఫోన్లో ఆవిడ మాటలు రికార్డు చేశారు. ఏదో ఒకటి మాట్లాడమని వెంటపడి మాట్లాడించారు. తర్వాత ఫోను నిండిపోతే అన్నీ లాప్‌టాప్‌లో పెట్టి ఫోన్లోవి తీసేశారు. ఇంకోచోట కూడా పెట్టుకోమని అల్లుడు చెప్పాడు. రేపు చేద్దాం, ఎల్లుండి చేద్దాం అనుకుంటూ ఉండిపోయారు. ఇదంతా ఆయన మాకు ఫిర్యాదులా చెప్పలేదు. నేల వైపు చూస్తూ, తనకి తాను లెక్క అప్పజెప్పుకుంటున్నట్టు చెప్పారు.

మణెమ్మ గారు ఫారం తీయించి చూశారు. టిక్కు నీలం సిరా. కింద సంతకం నల్ల సిరా. కౌంటర్లో ఉండే నీలం కలం నా చేతిలోనే ఉంది. ఆవిడ నా చేతిని ఒకసారి చూసి, ఫారం మడిచారు. గోదాముకి ఫోన్ చేస్తే ఎవరూ ఎత్తలేదు. రీజినల్ మేనేజరుకి చేశారు. ఆయన గొంతు నాకూ వినబడుతూనే ఉంది. “సైన్ ఉంది కదా మేడమ్. మన సైడ్ నుంచి క్లియర్. సారీ అని ఒక మెయిల్ పెట్టేయండి. తప్పు మనదని మాత్రం రైటింగ్‌లో ఎక్కడా ఇవ్వకండి.”

“గోదాంల ఇంకా ఉండొచ్చు సార్. పోయి చూసొస్త,” అన్నారు ఆవిడ.

“కౌంటర్ క్లోజ్ చేసి వెళ్తారా?”

“అవును సార్, బంద్ చేసి పోత.” ఫోను పెట్టేసి మూర్తి గారితో, “మీరు ఇంటికి పోండ్రి సార్. దొరికినా దొరకకపోయినా నేనే వచ్చి చెప్త,” అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, “నువ్వు గూడ వస్తవా?” అని అడిగారు. రమ్మనలేదు, అడిగారు. నేను బ్యాగు తీసుకున్నాను.

గోదాము పటాన్‌చెరు వైపు ఉంది. ఆటోలో శేరిలింగంపల్లి దాటేసరికే గంట పట్టింది. పొగ, హారన్లు, కాలు చాపుకునే వీలు లేక మోకాలిని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్న ఆవిడ. నన్ను తిడతారని ఎదురుచూశాను. తిడితే ఏడ్చి, క్షమించమని అడిగి, కొంత తేలిక పడవచ్చని లోపల ఎక్కడో ఉంది. ఆవిడ ఒక్కటే అడిగారు. “పొద్దుగాల తిన్నవా?”

“లేదు మేడమ్.”

గోదాములో సూపర్‌వైజరు రిజిస్టరు చూసి, శనివారం సంచులు సోమవారమే మిషన్లోకి వెళ్లిపోయాయన్నాడు. చూపించమన్నారు మణెమ్మ గారు. చూసి ఏం చేస్తారమ్మా అంటూనే లోపలికి తీసుకెళ్లాడు. ఇనప డబ్బాల్లో నల్లగా, ఆకుపచ్చగా, గోరంత గోరంత ముక్కలు. టీ పొడిలో పచ్చి ఆకు కలిపినట్టు ఉంది. ఆవిడ ఒక గుప్పెడు తీసి, అరచేతిలో కాసేపు చూసి, ఒక్క ముక్క కూడా కింద పడకుండా మళ్లీ డబ్బాలోనే పోశారు. పదహారేళ్లు ఇలాంటి బోర్డుల మీదే సీసం అతికించిన చెయ్యి అది. అందులో ఇంక వెతకడానికి ఏమీ లేదని నాకంటే ముందే ఆవిడకి తెలుసు.

మూర్తి గారి ఇల్లు దారిలోనే, చందానగర్‌లో ఉంది. మెయిల్ పెడితే సరిపోతుందేమో మేడమ్ అని నేను అన్నాను. నిజానికి ఆ ఇంటి మెట్లెక్కడం నాకు భయంగా ఉంది. “పోయి చెప్త అన్న కదా,” అన్నారు ఆవిడ. లిఫ్టు పనిచేయడం లేదు. మూడు అంతస్తులు, ఒక్కో మెట్టు మీద రెండు కాళ్లూ ఆనించుకుంటూ ఎక్కారు.

తలుపు తీసింది కామేశ్వరి గారే. మెడ చుట్టూ పల్చటి తెల్ల గుడ్డ, చేతిలో నోటుపుస్తకం, దానికి దారంతో కట్టిన పెన్సిలు. మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టారు. మూర్తి గారు లోపలి గదిలోంచి వచ్చి ఎదురుగా నిలబడ్డారు.

మణెమ్మ గారు డొంకతిరుగుడు మాటలు మాట్లాడలేదు. “దొరకలేదు సార్. నుగ్గయిపోయింది. నా కండ్లతోటి చూసొచ్చిన. ఇగ రాదు,” అన్నారు. “మీ తప్పు ఏం లేదు. ఫారంల టిక్కు పెట్టింది మేము. మిమ్మల్ని అడగకుండనే పెట్టినం. మా కౌంటర్ తప్పు ఇది.”

నేనే పెట్టానని నేను అనాలి. అనకుండా ఒళ్లోని బ్యాగు జిప్పు సరిచేసుకున్నాను. కామేశ్వరి గారు పుస్తకంలో ఏదో రాసి, ముందు మణెమ్మ గారికి చూపించారు. తర్వాత నా వైపు తిప్పి, నేను చదివేదాకా అలాగే పట్టుకున్నారు. ముప్పై ఏళ్లు పిల్లల ముఖాలు చూసిన మనిషికి ఎవరు చేశారో ఒకరు చెప్పక్కర్లేదు. అందులో, “అడిగి ఉంటే సరిపోయేది కదా,” అని ఉంది.

“అవునమ్మా,” అన్నారు మణెమ్మ గారు. “అడగాల్సింది. అడగలె.”

చెప్పాల్సింది చెప్పేశాం కదా అని నేను బ్యాగు భుజానికి తగిలించుకుని లేవబోయాను. మణెమ్మ గారు నా వైపు చూడకుండానే నా మణికట్టు పట్టుకుని, “కూసో,” అన్నారు నెమ్మదిగా.

కూర్చున్నాం. దాదాపు గంట. ఫ్యాను తిరుగుతోంది, కింద ఎవరో కూరగాయల బండి మైకులో అరుస్తున్నారు. చాలాసేపటికి మూర్తి గారు కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ రికార్డింగుల్లో ఏముండేదో చెప్పడం మొదలుపెట్టారు. మొదటి రోజు ఆవిడ, ఊరికే మాట్లాడమంటే ఏం మాట్లాడతానండీ అని విసుక్కుందట. తర్వాత మనవరాలి కోసం ఇరవై దాకా ఎక్కాలు చెప్పిందట. పదిహేడో ఎక్కంలో తడబడి, తనలో తనే నవ్వుకుందట. గోంగూర పచ్చడి ఎలా చేయాలో చెబుతూ మధ్యలో, ఆ ఫోను అవతల పెట్టి స్టవ్ కట్టేయండి ముందు అని కేకలేసిందట. “మొత్తం నేనే ఇంకా వినలేదండీ,” అన్నారు. “అయిపోతాయని కొంచెం కొంచెంగా వింటున్నాను.”

అప్పుడు కామేశ్వరి గారు పెన్సిలు తీసుకుని, ఈసారి భర్తకి చూపించకుండా మాకే రాసి చూపించారు. “నేను ఒక్కసారి కూడా వినలేదు. నాకు వినాలని లేదు. ఈయన కోసమే మాట్లాడాను.” మేము చదవగానే ఆ కాగితం చింపి, మడిచి, గుప్పిట్లో పెట్టుకున్నారు. లేచి లోపలికి వెళ్లి మూడు గ్లాసుల మజ్జిగ తెచ్చారు. ఒకటి నా ముందు పెట్టారు. కానీ నా ముఖం చూడలేదు. నన్ను క్షమించారని నేనెప్పుడూ అనుకోలేదు. క్షమించనవసరం లేదు కూడా.

దిగేటప్పుడు రెండో అంతస్తు మలుపులో మణెమ్మ గారు గోడకి ఆనుకుని ఆగారు. ఊపిరి తీసుకుని, “చెప్పంగనే లేసి పోతె ఏమైతదో తెల్సా?” అన్నారు. “మన బరువు మనం ఆడ దించి వచ్చినట్టయితది. ఆళ్లది ఆళ్ల మీదనే ఉంటది. జరసేపు కూసోవాలె. ఆళ్లు తిట్టినా, ఏడ్సినా, ఏం అనకపోయినా గంతే. కూసోవాలె.” తర్వాత నా చెయ్యి పట్టుకుని మిగిలిన మెట్లు దిగారు. కింద హోటల్లో నా ముందు ఇడ్లీ పెట్టించి, తినేదాకా ఎదురుగా కూర్చున్నారు.

మర్నాడు ఆవిడ తెల్లకాగితం మీద జరిగింది రాసి, సంతకం పెట్టి, ఒక ప్రతి మూర్తి గారికి పోస్టులో పంపారు, ఒకటి హెడ్డాఫీసుకి. టిక్కు ఎవరు పెట్టారని వాళ్లు అడిగితే, కౌంటరుకి ఇన్‌చార్జి నేనే కాబట్టి నేనే జవాబుదారీ అని రాశారు. మూర్తి గారు ఏ కేసూ వేయలేదు. కానీ కంపెనీకి ఆ కాగితమే కోపం తెప్పించింది. నెల తిరక్కుండా ఆవిడని గోదాముకి మార్చారు. ఆ మోకాళ్లతో రోజూ పటాన్‌చెరు. ఆ నెలంతా నేను నోరు మెదపలేదు. తణుకులో మా నాన్నతో నాకు ఉద్యోగం వచ్చిందని చెప్పుకున్నాను, అది పోతుందని భయం. ఆవిడ వెళ్లిపోయిన వారానికి, ఖాళీ స్టూలు పక్కన కూర్చుని, ఆ టిక్కు పెట్టింది నేనని హెడ్డాఫీసుకి మెయిల్ రాశాను. ఎవరూ జవాబివ్వలేదు. వాళ్లకి ఆ విషయం అప్పటికే ముగిసిపోయింది.

ఒక ఆదివారం శేరిలింగంపల్లిలో ఆవిడ ఇంటికి వెళ్లి ఆ సంగతి చెప్పాను. “ఎందుకు రాసినవ్ పిచ్చిదానా,” అన్నారు విసుగ్గా. “నాకింక నాలుగేండ్లల్ల రిటైర్‌మెంటు. నీది ఇప్పుడే మొదలు. అందుకనే కద నేను రాసింది.” నేను ఏడుస్తుంటే పక్కనే కూర్చున్నారు, లేచి వెళ్లలేదు. ఆవిడ కూతురు టీ తెచ్చి పెట్టి పోయింది. అది చల్లారిపోయింది.

తర్వాత నేను రెండు ఉద్యోగాలు మారి ఈ కోకాపేట ఆఫీసుకి వచ్చాను. ఇక్కడ పనిచేసే వాళ్ల లాప్‌టాప్‌ల బాగోగులు చూసే విభాగం నాది. మణెమ్మ గారు రిటైరయ్యారు. పోయిన వేసవిలో చూడడానికి వెళ్తే మంచం మీద కాళ్లు చాపుకుని కూర్చుని ఉన్నారు. మూర్తి గారి పేరు చెబితే గుర్తు రాలేదు. పేరేంది, ఏ జాగల ఇల్లు అని రెండుసార్లు అడిగారు. తర్వాత, “ఆనాడు నువ్వు పొద్దటి సంది ఏం తినలేదు,” అన్నారు. “ముఖం పీక్కపోయి ఉండె.” నేను ఇన్నేళ్లు మోస్తున్న రోజులో ఆవిడకి మిగిలింది అదొక్కటే.

ఇక్కడ డ్రైవు పోతే ఏం చేయాలో అంతా రాసిపెట్టి ఉంది. ఫిర్యాదు నమోదు చేయాలి, మెయిల్ పంపాలి, కొత్తది బిగించాలి, ముగిసిందని గుర్తు పెట్టాలి. మనిషిని చూడకుండానే అన్నీ జరిగిపోతాయి. నేను మాత్రం సీటు దగ్గరికి నడిచి వెళ్తాను. మా విభాగంలో అందరికంటే నాకే ఎక్కువ సమయం పడుతుందని ప్రతి మూడు నెలలకీ ఒకసారి మా మేనేజరు అంటాడు. నిజమే. వెళ్లిన ప్రతిసారీ మంచి మనసుతో వెళ్తానని కూడా చెప్పలేను. చాలాసార్లు ఒళ్లు నొప్పులతో, ఇంకెంతమంది ఉన్నారో లెక్కపెట్టుకుంటూ వెళ్తాను.

పోయిన నెల పదకొండో అంతస్తులో అకౌంట్స్ విభాగంలో స్వప్న అనే అమ్మాయి డ్రైవు పోయింది. లోపల ఏముందని అడిగాను. ఆఫీసువన్నీ భద్రంగా ఉన్నాయంది. నీవి ఏమైనా ఉన్నాయా అంటే తల ఊపింది, ఏమిటో చెప్పలేదు. రెండు చోట్లకి పంపించి చూశాం. రాలేదు. ఆ మాట చెప్పడానికి కిందికి వెళ్లాను.

“ఏమీ రాదా అక్కా?”

“ఏమీ రాదు. రెండుచోట్లా చూశారు.”

ఆ అమ్మాయి సరేనంది. ఖాళీ తెర వైపు తిరిగి కీబోర్డు మీద చేతులు పెట్టుకుంది. కాసేపటికి, “మీరు వెళ్లండక్కా, మీకు పనుంటుంది,” అంది. పని ఉంది. నా ఫోన్లో అప్పటికే ఇంకో మూడు ఫిర్యాదులు వచ్చి మోగుతున్నాయి. ఫోను బల్ల మీద బోర్లా పెట్టి, పక్క సీటు కుర్చీ దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను.